దూడ ధర గడ్డివాము చెబుతుంది

రోహిణి కార్తె ఎండల్లో ఏ పశువుల సంతకైనా వెళ్లి చూడండి. పాలమూరు వైపు పెబ్బేరు కానివ్వండి, సంగారెడ్డి దగ్గర సదాశివపేట కానివ్వండి, ఉత్తరాంధ్రలో మానాపురం, నారాయణవలస కానివ్వండి. తోలుకొచ్చినవాళ్లు ఎక్కువ, కొనేవాళ్లు తక్కువ. పొద్దున్నే ఏడాది పెయ్యదూడకు పదిహేను వేలు చెప్పిన ఆసామి, ఎండ నడినెత్తికొచ్చేసరికి పదకొండుకు దిగుతాడు. దిగక ఏం చేస్తాడు? మళ్లీ ఇంటికి తోలుకుపోతే పెట్టడానికి గడ్డి లేదు. ఆ దూడనే మృగశిర దాటి నాలుగు వానలు పడ్డాక, గట్ల మీద పచ్చిక లేచాక తోలుకొస్తే, అదే ఆసామి పదిహేనుకు రూపాయి తగ్గడు. ఈ నెలన్నరలో దూడకు కొత్తగా అబ్బిన గుణం ఏమీ లేదు. ఊళ్లోకి గడ్డి వచ్చింది, అంతే.

సంతలో దూడకు పలికే ధరలో, అది ఇకముందు తినబోయే మేత ఖరీదు అప్పటికే తరిగిపోయి ఉంటుంది. మేత ప్రియమైతే దూడ చవక. మేత చవకైతే దూడ ప్రియం. అందుకే ఒకే దూడ, ఒకే ధర అయినా, ఇంట్లో మేత ఉన్నవాడికి లాభసాటి బేరం, లేనివాడికి గుదిబండ. ఇవాళ ఈ లెక్కనే కొంచెం విప్పి చూద్దాం. పక్కన కాగితం, పెన్సిలు ఉంటే మంచిది.

ఈ లెక్క దాపరికం లేకుండా కనబడే చోటు ఒకటుంది. అమెరికాలోని ఓక్లహామా సిటీ పశువుల మార్కెట్. 1910లో మొదలైంది. మేపడానికి కొనే దూడల అమ్మకంలో ప్రపంచంలో దాన్ని మించింది లేదంటారు. అక్కడి పశువులు మాంసం కోసం పెంచేవి, మనది పాల లెక్క. దారి వేరైనా కూడికలు, తీసివేతలు ఒకటే కాబట్టి చెబుతున్నాను. తల్లి పాలు మాన్పించిన దూడల్ని ఆవరణలోకి తోలతారు, బరువు తూస్తారు, వంద పౌన్లకు ఇంత అని వేలం పాట నడుస్తుంది. కొనేది టెక్సస్, కాన్సస్, నెబ్రాస్కాల్లో వేల పశువుల్ని ఒక్కచోట కట్టి మేపే కంపెనీలవాళ్లు. వాళ్లు లెక్కను చివరి నుంచి మొదలుపెడతారు. ఈ దూడ పెరిగి పెద్దదయ్యాక ఎంతకు పోతుంది? అందులోంచి మొక్కజొన్న ఖర్చు తీసెయ్, గడ్డి తీసెయ్, మందులు తీసెయ్, బ్యాంకు వడ్డీ తీసెయ్, చచ్చేవాటి నష్టం తీసెయ్. ఏం మిగిలితే అదే దూడకు పెట్టగలిగిన ధర. దూడను పుట్టించిన రైతు ఎంత కష్టపడ్డాడన్నది ఆ లెక్కలో ఎక్కడా ఉండదు.

2012 వేసవిలో ఏం జరిగిందో చూడండి. మొక్కజొన్న పండే రాష్ట్రాల్లో వాన ముఖం చాటేసింది. ఆగస్టు నాటికి బుషెల్ మొక్కజొన్న, అంటే మన లెక్కలో పాతిక కిలోలు, 8 డాలర్లు దాటింది. ఆ వేసవిలోనే దూడల ధరలు కూలాయి. దూడలకు రోగం రాలేదు, తినేవాళ్లు తగ్గలేదు. వందల మైళ్ల దూరంలో ఎండిన మొక్కజొన్న చేను వచ్చి దూడ మెడ మీద కూర్చుంది. 2025లో దానికి తలకిందులుగా నడిచింది. కరువులకు ఆవుల్ని అమ్ముకోగా అమ్ముకోగా 2025 జనవరి 1 నాటికి అమెరికాలో పశువులు 8 కోట్ల 67 లక్షలకు తగ్గాయి. 1951 తర్వాత అప్పటిదాకా అంత తక్కువ ఎన్నడూ లేదు. మొక్కజొన్న ధరేమో 2012 నాటి దానిలో సగానికి అటూ ఇటూగా ఉండింది. పశువు కరువు, మేత చవక. ఇంకేముంది, దూడ ధర ఎన్నడూ లేనంతగా ఎగిసింది.

అక్కడి ఇంకో పద్ధతి మనవాళ్లకు వింతగా ఉంటుంది. చిన్న దూడకు పౌనుకు ఎక్కువ, పెద్ద దూడకు పౌనుకు తక్కువ ఇస్తారు. ఎందుకంటే, మిగతా బరువును పచ్చికతోనూ గింజతోనూ తామే చవగ్గా ఎక్కించుకోవచ్చు. గింజ ధర పెరిగిన ఏడాది ఆ తేడా తగ్గిపోతుంది. ఇంకొకడు మేపి పెంచిన దూడే మేలనిపిస్తుంది. మన సంతల్లో కూడా కరువు ఏడాది చిన్న పెయ్యల్ని అడిగే దిక్కుండదు, నిండుచూడి పడ్డల మీద మాత్రం జనం మూగుతారు. కారణం ఇదే. చూడి పడ్డకు తినాల్సిన మేత అయిపోయింది. పెయ్యకు ఇంకా రెండేళ్ల మేత బాకీ ఉంది.

మేతతో సంబంధం లేని ధరలూ ఉన్నాయి, కాదనను. మన ఒంగోలు గిత్తల సంతతిని బ్రెజిల్ వాళ్లు నెలోర్ అనే పేరుతో పెంచుకుంటున్నారు కదా. 2023లో అక్కడ వియాటినా-19 అనే ఆవులో మూడో వంతు వాటాను వేలం వేస్తే, ఆ లెక్కన ఆవు మొత్తం విలువ 40 లక్షల డాలర్లు దాటింది. అది పిండాల వ్యాపారం. దాన్ని చూసి మనం కొష్టంలో లెక్కలు వేసుకోలేం.

మన సంతలోకి వద్దాం. ఇక్కడ కాటా లేదు, పైకి వినబడే పాటా లేదు. దళారి తువ్వాలు పరుస్తాడు, దాని కింద చెయ్యీ చెయ్యీ కలుస్తాయి, వేళ్లు మాట్లాడతాయి. చూపుడు వేలు పట్టుకుంటే ఒక లెక్క, పిడికిలి నొక్కితే ఇంకో లెక్క. పశువు యజమాని పక్కనే నిలబడి ఆకాశంలోకి చూస్తూ ఉంటాడు. తన గేదె ధర తనకు తెలియకుండానే రెండుసార్లు మారిపోయి ఉంటుంది. ఈ పద్ధతిని ముచ్చటగా చెప్పుకునేవాళ్లున్నారు. నాకు మాత్రం అందులో ముచ్చట కనిపించదు. నలుగురికీ తెలియని ధర అమ్మేవాడికి ఎప్పుడూ తక్కువే.

చూపులకు మోసపోవడం కూడా ఇక్కడే. రాత్రి పాలు పిండకుండా ఆపితే పొదుగు కుండలా కనబడుతుంది. ఉప్పు పెట్టి నీళ్లు తాగిస్తే డొక్కలు నిండుతాయి. కొమ్ములకు నూనె రాస్తే వయసు దాగుతుంది. పళ్లు మాత్రం దాగవు. గేదె పడ్డ రెండు పళ్లు వేసిందంటే సుమారు రెండున్నర నుంచి మూడేళ్లు. ఇంకా అన్నీ పాలపళ్లే ఉండి, "ఈ ఏడే కడుతుందండీ" అని ఎవరైనా అంటే నమ్మకండి.

బరువు తెలుసుకోవడానికి కాటా అక్కర్లేదు. దర్జీ టేపు చాలు. ముందుకాళ్ల వెనుక నుంచి ఛాతీ చుట్టుకొలత అంగుళాల్లో కొలవండి. దాన్ని దానితోనే గుణించండి. భుజం ముందు ఎముక నుంచి పిరుదు ఎముక దాకా పొడవు కొలిచి, దాంతో మళ్లీ గుణించండి. వచ్చినదాన్ని 660తో భాగించండి. కిలోలు వస్తాయి. ఛాతీ 60 అంగుళాలు, పొడవు 48 అంగుళాలు ఉన్న పడ్డ దాదాపు 260 కిలోలు ఉంటుంది. ముర్రా జాతి పడ్డ చూడి కట్టడానికి 275, 300 కిలోల మధ్య ఉండాలి. అంటే ఇది ఇంకొన్నాళ్లు తినాలి. ఆ కొన్నాళ్ల మేత ఖర్చు మీ బేరంలోంచి తగ్గించుకోవాలి.

ఇప్పుడు అసలు లెక్క. సంతలో కొనడం సరే, మన పాకలోనే పుట్టిన పెయ్యను పెంచితే ఎంతవుతుంది? ధరలు ఊరికో తీరుగా ఉంటాయి కాబట్టి నేను చెప్పే అంకెలు నమూనా మాత్రమే. మీ ఊరి ధరలు వేసుకోండి.

మొదటి మూడు నెలల్లో దూడకు ఇవ్వాల్సిన పాలు అటూ ఇటూగా 170 లీటర్లు. లీటరు 50 రూపాయలనుకుంటే 8,500. ఆరు నెలల దాకా దూడ దాణా 110 కిలోలు, కిలో 35 చొప్పున 3,850. ఆరో నెల నుంచి మూడేళ్లు నిండి ఈనేదాకా 900 రోజులు. రోజుకు కిలోన్నర దాణా, కిలో 28 రూపాయలైతే 37,800. రోజుకు 15 కిలోల పచ్చగడ్డి, 2 కిలోల ఎండుగడ్డి. సొంత పొలంలో పెంచుకుంటే పచ్చగడ్డి కిలోకు రూపాయిన్నర ఖర్చు, ఎండుగడ్డికి రెండు రూపాయలు అనుకుందాం. ఈ రెండూ కలిపి దాదాపు 24 వేలు. మొత్తం వెరసి 74 వేలు.

అదే గడ్డి బయట కొంటే? పచ్చగడ్డి 4 రూపాయలు, ఎండుగడ్డి 6 రూపాయలు వేయండి. గడ్డి ఖర్చు 24 వేల నుంచి దాదాపు 65 వేలకు ఎక్కుతుంది. పడ్డ మొత్తం ఖర్చు లక్షా 15 వేలు. సంతలో తొలిచూరు ముర్రా పడ్డ లక్షకు దొరుకుతుంటే, గడ్డి కొని పెంచినవాడు 15 వేలు నష్టంలో, గడ్డి పెంచినవాడు 26 వేలు లాభంలో ఉన్నారు. దూడ ఒకటే, దాణా ఒకటే, పాలు ఒకటే. మీ కూలి నేను వెయ్యలేదు, వేస్తే రెండు వైపులా వెయ్యాలి.

అందుకే సొంత గడ్డి లేకుండా, అప్పు తెచ్చి పది గేదెలు కట్టేసినవాళ్ల డెయిరీలు రెండో వేసవి దాటడం కష్టం. పాల ఉత్పత్తి ఖర్చులో మేత వాటా 60, 70 శాతం ఉంటుంది. ఆ వాటా మొత్తం ఇంకొకడి చేతిలో పెట్టి, పాల ధరేమో డెయిరీవాడి చేతిలో పెట్టి, మధ్యలో మనం ఏం సంపాదిస్తాం?

నీళ్లున్న పది సెంట్ల నేలలో హైబ్రిడ్ నేపియర్ వేస్తే ఒక పడ్డకు ఏడాది పొడవునా పచ్చగడ్డి సరిపోతుంది. ఒక్క నేపియర్‌తో ఆగకండి. అలసంద, పిల్లిపెసర, లూసర్న్ లాంటి పప్పుజాతి మేత కలిస్తే మాంసకృత్తులు అక్కడే దొరుకుతాయి. రోజుకు కిలోన్నర దాణాను కిలోకు తగ్గించినా ఎదుగుదల ఆగదు. ఆ అరకిలోయే 900 రోజులకు 12,600 రూపాయలు. మొక్కజొన్నను ఇథనాల్ ఫ్యాక్టరీలు ఎగబడి కొంటున్న రోజులివి, దాణా ధర దిగుతుందన్న ఆశ పెట్టుకోకండి. ఆ ఫ్యాక్టరీల నుంచి వచ్చే పిప్పి ఇప్పుడు దాణా కొట్లలో చవగ్గా దొరుకుతోంది. వాడుకోవచ్చు, కానీ బూజు వాసన వస్తే తిప్పి పంపండి. వేరుశనగ చెక్క విషయంలోనూ ఇదే జాగ్రత్త.

ఎండుగడ్డి గురించి ఒక మాట చెప్పకపోతే నా మనసు ఊరుకోదు. ఏప్రిల్‌లో యాసంగి వరి మిషనుతో కోయించి, పొలంలో పడ్డ గడ్డికి నిప్పు పెడతాం. మే నెలలో అదే గడ్డిని మోపుల లెక్కన ట్రాక్టరు కిరాయితో సహా కొంటాం. ఒకే మనిషి ఈ రెండు పనులూ చెయ్యడం నేను చూశాను. కట్టలు కట్టే యంత్రం ఊళ్లోకి వచ్చినప్పుడు నలుగురు కలిసి పిలిపించుకుంటే ఆ ఖర్చు నిప్పుపుల్ల కంటే ఎక్కువే, మోపుల ధర కంటే చాలా తక్కువ. ఆ గడ్డి నిస్సారం అనిపిస్తే, 100 కిలోల గడ్డికి 4 కిలోల యూరియాను 50, 60 లీటర్ల నీళ్లలో కరిగించి పొరలు పొరలుగా చల్లి, గాలి చొరకుండా మూడు వారాలు కప్పి ఉంచండి. తీశాక కాసేపు ఆరబెట్టి పెట్టండి. ఆరు నెలల లోపు దూడలకు మాత్రం పెట్టకూడదు. యూరియా కలిపిన నీళ్ల బకెట్టు పశువుకు అందేచోట ఉంచకూడదు, తాగితే ప్రాణం పోతుంది.

ఇంతా చేసి, ఈ లెక్క తప్పేది ఎక్కడో తెలుసా? మొదటి మూడు నెలల్లో. 74 వేల ఖర్చులో పాలది 8,500 మాత్రమే. మన పిసినారితనమంతా అక్కడే చూపిస్తాం. దూడను చేపు కోసం ఒక నిమిషం విడిచి, లాగి కట్టేస్తాం. మొదట వచ్చే పాలల్లో వెన్న తక్కువ, ఆఖరి పాలల్లో వెన్న ఎక్కువ. పల్చటివి దూడకు, చిక్కటివి పాల కేంద్రానికి. వెన్న శాతం మీద డబ్బులిస్తారు కాబట్టి ఆ ఆశ నాకు అర్థమవుతుంది. కానీ మూడు నెలలు ఎండిన దూడ తర్వాత ఎంత మేపినా వెనకబడే ఉంటుంది. మూడేళ్లకు ఈనాల్సింది మూడున్నరేళ్లకు ఈనుతుంది. ఆ ఆరు నెలలు రోజుకు 68 రూపాయల మేత తింటూ కూర్చుంటుంది. 12 వేలు. ఆ ఆరు నెలల్లో రావాల్సిన పాలు అదనపు నష్టం. దూడ నోటి దగ్గర ఆదా చేసింది రెండు మూడు వేలు ఉంటుందేమో.

పుట్టిన గంట, రెండు గంటల్లో ముర్రుపాలు పట్టాలి. మాయ పడేదాకా ఆగాలన్న మాట పట్టించుకోకండి. మొదటి రోజు మొత్తంలో దూడ బరువులో పదో వంతు పట్టాలి. ముర్రా దూడ పుట్టినప్పుడు 30 కిలోలుంటే 3 లీటర్లు, రెండు మూడు విడతలుగా. బొడ్డుకు అయోడిన్ పెట్టాలి. గేదె దూడలకు ఏలికపాములు తల్లి పాల ద్వారానే చేరతాయి. బయట గడ్డి ముట్టుకోకముందే కడుపులో పాములుంటాయి. అందుకే పది పదిహేను రోజులకే మొదటి మందు తాగించాలి, ఎంత అన్నది మీ ఊరి పశువైద్యుణ్ణి అడగండి. బంకమట్టి రంగులో, కంపు కొట్టే విరేచనం కనబడితే "పాలెక్కువై పారుతోంది" అని పాలు ఆపేసేవాళ్లున్నారు. అది పాముల పని. పాలు ఆపితే దూడకు ఇక దిక్కు లేదు.

మగదూడ సంగతి అడుగుతారు. దున్నదూడ పుడితే దానికి పాలు వదిలేవాళ్లు తక్కువ, అది బతికితే బతికింది, లేకపోతే లేదు. దాన్ని మేపి అమ్మితే గిట్టుబాటవుతుందా అన్న ఆలోచనతోనే 11వ పంచవర్ష ప్రణాళికలో కేంద్రం దున్నదూడల పెంపకానికి ఒక పథకం పెట్టింది. ఓక్లహామా లెక్కకు మన దగ్గర అతి దగ్గరి లెక్క ఇదే. సొంత గడ్డి మిగులు ఉంటే ఎంతో కొంత గిట్టుతుంది, దాణా కొని మేపితే గిట్టదు. ఇప్పుడు పెయ్యదూడలే ఎక్కువగా పుట్టే లింగ నిర్ధారిత వీర్యం పశువైద్యశాలల్లో దొరుకుతోంది. నూటికి తొంభై దాకా పెయ్యలే పుడతాయంటున్నారు. అది ఊరూరా అందితే రేపు సంతలో పెయ్యల రాక పెరుగుతుంది. పెయ్య ధర దిగుతుంది. అప్పుడు కూడా మిగిలేది మేత ఉన్నవాడే.

చివరగా, అమ్మాలా ఉంచుకోవాలా అన్నది. మూడు పెయ్యలున్నాయి, మేత రెండింటికే ఉంది అనుకుందాం. మూడింటినీ అరకడుపుతో ఉంచడం అన్నిటికన్నా నష్టం. మూడూ ఆలస్యంగా ఎదుగుతాయి, మూడూ ఆలస్యంగా కడతాయి. ఒకదాన్ని తీసెయ్యండి. ఎప్పుడు తీసెయ్యాలి? ఎండలు ముదిరాక కాదు. మాఘమాసంలో వాములోకి చూసుకుని, మృగశిర దాకా ఎన్ని రోజులకు గడ్డి సరిపోతుందో లెక్కపెట్టుకుని, సరిపోకపోతే అప్పుడే, అందరి గడ్డీ అయిపోకముందే అమ్మండి. చూడి కట్టిన పడ్డ అయితే కొంచెం ఓపిక పట్టవచ్చు. గేదె చూడి దాదాపు 310 రోజులు. ఏడో నెల దాటాక కడుపు కళ్లకు కనబడుతుంది, కొనేవాడికి ధైర్యం వస్తుంది, ధర పెరుగుతుంది. పశువైద్యుడి దగ్గర చూడి పరీక్ష చేయించి చీటీ రాయించుకుని తీసుకెళితే దళారి తువ్వాలు కింద చెయ్యి పెట్టాల్సిన పని సగం తగ్గుతుంది.

ఇంకొక్క విషయం. జొన్న, అలసంద మేత విత్తనాలు రాయితీ మీద వస్తే తొలకరికి ముందే అయిపోతాయి. ఈ వారంలోనే మీ పశువైద్యశాలకు వెళ్లి పేరు రాయించుకోండి. నేపియర్ కణుపులకు విత్తనాల దుకాణం అక్కర్లేదు, పక్క ఊళ్లో వేసినవాళ్లను అడిగితే రెండు కట్టలు ఇస్తారు.